ఏమీ జరగని రోజు

(హైదరాబాద్‌లో ఒక చిన్న హాల్లో, నాటక పఠనానికి ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, పైగా మబ్బు పట్టి ఉంది, అయినా ఇంతమంది వచ్చారు. ఉప్పల్ నుంచి వచ్చినవాళ్ళున్నారు, మియాపూర్ నుంచి వచ్చినవాళ్ళున్నారు, వెనక కూర్చున్న ఆ అమ్మగారైతే మనవణ్ణి వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చానని ఇందాక గుమ్మం దగ్గర చెప్పారు. చాలా సంతోషం. నేను ఒక అరగంట మాట్లాడి తప్పుకుంటాను, ఆ తర్వాత మా వాళ్ళు మూడో అంకం చదువుతారు. మీరు వచ్చింది దానికోసం.

నాటకం పేరు 'అవర్ టౌన్'. మన మాటల్లో 'మా ఊరు' అనుకోండి. రాసింది థార్న్‌టన్ వైల్డర్ అనే అమెరికన్ రచయిత. 1938 జనవరి 22న ప్రిన్స్‌టన్‌లో మొదటిసారి ఆడారు, తర్వాత బోస్టన్‌లో ఆడితే జనం సరిగా రాలేదు, ఫిబ్రవరి 4న న్యూయార్క్‌లో మొదలుపెడితే అక్కడ నిలబడింది, ఆ ఏడాదే పులిట్జర్ బహుమతి వచ్చింది. చరిత్ర ఇంతవరకు చాలు.

నాకు ఈ పుస్తకం దొరికింది ఆబిడ్స్‌లో. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ. సన్నగా ఉంది, తక్కువకి ఇచ్చాడు, కొన్నాను. అప్పటికి నేను నాటకాలకు లైట్లు వేసే కుర్రాణ్ణి. రవీంద్రభారతిలో ఏ బృందం ఆడుతున్నా వెనక ఎక్కడో ఒక మూల ఉండేవాణ్ణి, తెర లాగమంటే లాగేవాణ్ణి, రాజుగారి సింహాసనం మోయమంటే మోసేవాణ్ణి. బస్సులో కూర్చుని పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో మొదటి మాట ఏమిటంటే, తెర లేదు. రెండో మాట, సెట్టు లేదు. నాకు ఒక్కసారిగా ఏమీ అర్థం కాలేదు. తెర లేకపోతే నాటకం ఎప్పుడు మొదలైనట్టు?

ఎందుకంటే నాకు నాటకాల పిచ్చి పట్టించింది సురభి వాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై తరతరాలుగా నాటకమే బతుకుగా సాగిన కుటుంబాలవి. చిన్నప్పుడు పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో వాళ్ళ 'మాయాబజార్' చూసినప్పుడు గాల్లో బాణాలు ఢీకొని నిప్పులు రాలుతుంటే, నారదుడు మబ్బుల్లోంచి దిగుతుంటే నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. ఇప్పటికీ ఆ నాటకం ఎక్కడ వేసినా వెళ్తాను. వాళ్ళ పనితనానికి దండం పెడతాను. ఒకటి మాత్రం చెప్పాలి, అలా పెరిగినవాడికి ఖాళీ వేదిక అంటే పనివాళ్ళు ఇంకా రాని వేదిక అనే అనిపిస్తుంది.

ఈ నాటకంలో వేదిక మీద ఉండేవి రెండు బల్లలు, కొన్ని కుర్చీలు, ఒక బెంచీ. అంతే. ఆ బల్లలు కూడా రెండు ఇళ్ళ వంటిళ్ళు అని మనం అనుకోవాలి. ఒకటి డాక్టరు గిబ్స్‌గారి ఇల్లు, పక్కది పత్రిక నడిపే వెబ్‌గారి ఇల్లు. పొయ్యి లేదు, గిన్నె లేదు. అమ్మలిద్దరూ లేని పొయ్యి వెలిగిస్తారు, లేని గిన్నెలో వండి లేని కంచాల్లో వడ్డిస్తారు. పాలవాడు కనబడని గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తాడు, సీసాల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. రాత్రిపూట ఇద్దరు పిల్లలు వాళ్ళ వాళ్ళ మేడగదుల కిటికీల్లోంచి మాట్లాడుకోవాలి, దానికి రెండు నిచ్చెనలు పెడతారు, ఆ పిల్లలు నిచ్చెనలెక్కి కూర్చుంటారు, అవే మేడలు.

ఇది కొత్త సంగతి అని మనకు అనిపించకూడదు అసలు. వైల్డర్ చిన్నతనంలో కొంతకాలం చైనాలో ఉన్నాడు, వాళ్ళ నాన్న అక్కడ అమెరికా కాన్సల్. ఒక కర్రను కాళ్ళ మధ్య పెట్టుకుంటే గుర్రమెక్కినట్టేనని ఒప్పుకునే చైనా నాటకాల గురించి ఆయనే ముందుమాటలో రాశాడు. మన దగ్గర? శాకుంతలం మొదట్లోనే దుష్యంతుడు రథం మీద లేడిని తరుముతూ వస్తాడు, రథమూ లేదు లేడీ లేదు, అంతా నటుడి ఒంట్లోనే ఉంది. నాట్యశాస్త్రంలో వేదిక మీద నాలుగడుగులు తిరిగితే ఊరు మారిపోతుంది. ఇంకా దగ్గరికి రండి, మన ఒగ్గుకథ. కథ చెప్పే మనిషి ఉన్నచోటే నిలబడి తల్లి అవుతాడు, కొడుకవుతాడు, ఊరి పెద్ద అవుతాడు, చేతిలో ఉన్న గుడ్డ ఒక్కటే, అది ఒకసారి కొంగు, ఒకసారి పసిపిల్ల. జనం నమ్మలేదా? ఏడ్చారు కూడా. ఖాళీ వేదిక మన సొంత ఆస్తి, మధ్యలో ఎక్కడో పెట్టి మరిచిపోయాం.

'మా ఊరు'లో కూడా కథ చెప్పే మనిషి ఒకడున్నాడు. స్టేజి మేనేజర్ అంటారు. నేను సూత్రధారి అనే రాశాను, ఆ మాటకు అంతకన్నా సరైన తెలుగు లేదు. ఆయనే వచ్చి కుర్చీలు సర్దుతాడు, ఇక్కడ చర్చి, ఇక్కడ పోస్టాఫీసు అని గాల్లో చూపిస్తాడు. ఊరు గ్రోవర్స్ కార్నర్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో అని కల్పించిన ఊరు. తేదీ 1901 మే 7, ఇంకా తెల్లవారలేదు. ఒక ప్రొఫెసర్‌ని పిలిచి ఊరి జనాభా చెప్పమంటే ఆయన 2,640 అంటాడు, సూత్రధారి చెవిలో ఏదో చెబుతాడు, ఆయన వెంటనే 2,642 అని దిద్దుకుంటాడు. ఆ తెల్లవారుజామునే డాక్టరుగారు ఒకామెకు కవలల్ని పురుడు పోసి వచ్చారు, అదీ సంగతి. ఇక ఆ రోజంతా ఏం జరుగుతుందంటే, పాలు వస్తాయి, పేపరు వస్తుంది, పిల్లలు బడికి పోతారు, ఆడవాళ్ళు చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు, పిల్లలు బడి నుంచి వస్తారు, రాత్రి చర్చిలో పాటల ప్రాక్టీసు, తర్వాత వెన్నెల. మొదటి అంకం అయిపోయింది.

మొదటిసారి చదివి వినిపించినప్పుడు మా బృందంలో ఒకతను నిజాయితీగా అడిగాడు, సర్, కథ ఎప్పుడు మొదలవుతుంది అని. నేను జవాబు చెప్పలేదు. మూడో అంకం దాకా ఆగమన్నాను.

చిక్కుడుకాయల దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే మా రిహార్సల్స్‌లో సగం రోజులు అక్కడే గడిచాయి. పద్మారావునగర్‌లో ఒక మిత్రుడి ఇంటి డాబా మీద చేసుకుంటాం మేము. ఆడపిల్లలిద్దరూ బాగా చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేస్తున్నారు, కూరగాయలు తరిగినవే ప్యాకెట్లలో వస్తున్న కాలం, ఈనె ఎటునుంచి తీయాలో తెలియదు. చేతులు ఊరికే గాల్లో ఆడుతున్నాయి. అప్పుడు నేను మోండా మార్కెట్ నుంచి కిలో చిక్కుడుకాయలు తెచ్చి ముందర పోశాను. వారం రోజులు నిజంగా ఈనెలు తీశారు, కొస తుంచి నారలాగా లాగి, పురుగు ఉందేమో విప్పి చూసి, గింజ పక్కన పడేసి. తర్వాత కాయలు తీసేశాను. చేతులు అలాగే నడిచాయి. అప్పుడు గమనించాను, కాయలు ఉన్నప్పుడు వాళ్ళిద్దరూ కాయలను చూస్తున్నారు, కాయలు పోయాక ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. వస్తువు వెళ్ళిపోయిన చోట మనిషి వచ్చి కూర్చున్నాడు. వైల్డర్ వేదిక ఖాళీ చేసింది ఇందుకేనని నాకు ఆ డాబా మీద తెలిసింది, పుస్తకంలో కాదు.

ఆ చిక్కుడుకాయల దగ్గరే ఇంకో చిన్న మాట ఉంటుంది. డాక్టరుగారి భార్యకు వాళ్ళ అమ్మమ్మ నాటి పాత చెక్క బీరువా లాంటిది ఒకటి ఉంది, బోస్టన్ నుంచి పాత సామాన్లు కొనే మనిషి వచ్చి మూడు వందల యాభై డాలర్లు ఇస్తానన్నాడు. అమ్మితే ఆ డబ్బుతో పారిస్ చూసి రావాలని ఆమెకు ఆశ, చచ్చిపోయేలోగా ఇంగ్లీషు మాట్లాడని దేశం ఒక్కటైనా చూడాలని. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఎవరూ ఎత్తరు. మూడో అంకంలో, పన్నెండేళ్ళ తర్వాత, కోడలు ఏదో సంతోషంగా చెబుతూ, అత్తయ్యా, మీరు వదిలివెళ్ళిన మూడు వందల యాభై డాలర్ల పైచిలుకుతో పశువులకు నీళ్ళ తొట్టి కట్టించాం అంటుంది. ఆమె అవునవును అంటుంది. పారిస్ అనే పేరు ఎవరి నోటా రాదు. హాల్లో కూర్చున్న మనకు మాత్రమే తెలుసు, ఆమె వెళ్ళలేదని. ఇదే సన్నివేశం మనం రాసుకుంటే ఆమె చేత ఒక పేజీ డైలాగు చెప్పించేవాళ్ళం, వెనక వయొలిన్ కూడా పెట్టేవాళ్ళం. మన నాటకాల్లో నిశ్శబ్దం వస్తే నటుడు డైలాగు మరిచిపోయాడని జనం అనుకుంటారేమోనని భయం. ఆ భయంతోనే ఖాళీలన్నీ మాటలతో పూడ్చేశాం. పద్యం బాగా పాడితే వన్స్‌మోర్ అని అరిచే ప్రేక్షకులు మనవాళ్ళు, ఆ ప్రేమ ఎంతో గొప్పది, కానీ మౌనానికి వన్స్‌మోర్ అనడం మనకు ఇంకా అలవాటు కాలేదు.

అనువాదం చేస్తున్నప్పుడు నేను ఊహించని చోట చిక్కుకున్నది పిలుపుల దగ్గర. ఇంగ్లీషులో ఆ ఇద్దరు తల్లులు పేర్లతో పిలుచుకుంటారు, జూలియా, మర్టిల్ అని. తెలుగులో పక్కింటి ఆడవాళ్ళు పేర్లతో పిలుచుకోవడం నా చెవికి ఆనలేదు. అక్కా అని పెట్టాను మొదట. రెండో అంకానికి వచ్చేసరికి వీళ్ళ అబ్బాయికీ వాళ్ళ అమ్మాయికీ పెళ్ళి! అక్కాచెల్లెళ్ళ పిల్లలకు పెళ్ళేమిటి? అలాగే అబ్బాయి పక్కింటాయన్ని బాబాయ్ అని పిలిస్తే ఆయన కూతురు, పెళ్ళికూతురు ఎమిలీ, అతనికి చెల్లెలైపోతుంది. మొత్తం వెనక్కి వెళ్ళి దిద్దుకున్నాను. తల్లులిద్దరూ వదినా అని పిలుచుకుంటారు, అబ్బాయి ఆయన్ని మావయ్యా అంటాడు. చిత్రం ఏమిటంటే, మొదటి అంకంలో మర్యాదకు పిలుచుకున్న వదినా అనే పిలుపు రెండో అంకంలో వియ్యపురాళ్ళయ్యాక నిజమైపోయింది. మనకు ఇరుగుపొరుగుని చుట్టరికం కలుపుకోకుండా పిలవడం చేతకాదు. ఈ ఊళ్ళో ఆటో ఎక్కితే అన్నా, కూరగాయలబండి దగ్గర అమ్మా, వాచ్‌మన్ భార్యను అక్కా. ఆ పిలుపుల వెనకాల మనిషి ఉన్నాడని ఎప్పుడైనా తలెత్తి చూస్తామా అనేది వేరే సంగతి, నాటకం అడుగుతున్నది కూడా అదే.

క్రియాపదాల దగ్గర ఇంకో చిక్కు. పొద్దున్నే డాక్టరుగారు పురుడు పోసి ఇంటికి నడిచి వస్తుంటారు. సూత్రధారి మనవైపు తిరిగి, డాక్టరుగారు 1930లో చనిపోయారు, ఆయన పేరు మీద కొత్త ఆస్పత్రి కూడా ఉంది, ఆవిడ ఇంకా ముందే పోయింది అంటాడు. మనిషేమో కళ్ళముందు నడుస్తున్నాడు, తేదీ 1901. నా చేయి తనంతట తాను "చనిపోతారు" అని రాసింది, అదే కదా వ్యాకరణం. మళ్ళీ చూసుకుంటే మూలంలో ఉన్నది భూతకాలమే. చనిపోయారు. అలాగే పేపరు వేసే కుర్రాడు, జో అని, హుషారుగా పేపర్లు విసురుకుంటూ పోతుంటాడు, వీడు చాలా తెలివైనవాడు, పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలో ఫస్టున వచ్చాడు, యుద్ధం వచ్చింది, ఫ్రాన్స్‌లో పోయాడు, అంత చదువూ వృథా అని సూత్రధారి చెబుతాడు. గొంతు పెంచడు. చెప్పి, పాలవాడు వస్తున్నాడు చూడండి అంటాడు. ఒక్క మాట మార్చగానే, "పోతాడు" బదులు "పోయాడు" అనగానే, ఆ కుర్రాడు విసిరే ప్రతి పేపరునూ మనం కళ్ళు ఆర్పకుండా చూస్తాం. అంతకుముందు చూసినవాళ్ళమేనా? లేదు.

ఇంకొక సన్నివేశం చెప్పాలి, నాకు ఈ నాటకం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైంది, అర నిమిషం కూడా ఉండదు. చర్చిలో పాటలు నేర్పే సైమన్ స్టిమ్సన్ తాగుతాడు. ఊరందరికీ తెలుసు. ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటారు. ఆ రాత్రి వీధిలో తూలుతూ వస్తుంటే పత్రిక నడిపే వెబ్‌గారు ఎదురవుతారు. ఊరంతా పడుకున్నట్టుంది సైమన్, మనమూ పోదామా, కొంతదూరం నీతో నడవనా, అని అడుగుతారు. సైమన్ ఒక క్షణం ఆగి ఆయన్ని చూస్తాడు. ఏమీ అనడు. నడిచి వెళ్ళిపోతాడు. వెబ్‌గారు గుడ్‌నైట్ అంటారు. అయిపోయింది. ఇదే సైమన్ ఉరేసుకుని చనిపోయాడని మూడో అంకంలో మాటల సందున తెలుస్తుంది.

మా వెబ్‌గారి వేషం వేసే కుర్రాడు మొదట్లో ఆ మాటను జాలిగా అనేవాడు, అయ్యో పాపం అన్నట్టు. అలా అంటే సైమన్ వెళ్ళిపోవడం న్యాయమే అనిపించేది, జాలి పడేవాడితో ఎవడు నడుస్తాడు? నేను అతనితో అన్నాను, నువ్వు రాత్రి ఇంటికి వచ్చేటప్పుడు మీ వాచ్‌మన్‌ని తిన్నావా అని అడుగుతావే, అలా అను. మన దగ్గర ఆ ఒక్క మాట ఉంది చూడండి, తిన్నావా, తిన్నారా. దాంట్లో జాలి లేదు, ఉపదేశం లేదు, నువ్వు ఉన్నావని నాకు తెలుసు అనే కబురు మాత్రం ఉంది. అతను అలాగే అన్నాడు, నేనూ అటే పోతున్నా, కొంతదూరం కలిసి పోదామా అని. ఆ రోజు సైమన్ వేషం వేసే అతను ఆగిన క్షణం ముందెప్పుడూ లేనంత పొడుగ్గా సాగింది. వెళ్ళిపోయాడు, వెళ్ళిపోవాలి కూడా, నాటకంలో అలాగే ఉంది. కానీ ఆ ఆగడంలో వెళ్ళకుండా ఉండే అవకాశం ఒకటి ఉందని డాబా మీద ఉన్న మా అందరికీ తెలిసింది. మనుషుల మధ్య బంధం అని పెద్ద మాటలు వాడుతుంటాం కదా, నాకు అది ఎంత ఉంటుందో, ఎంత పల్చగా ఉంటుందో చూపించింది ఆ ఆగడమే.

రెండో అంకం 1904, ప్రేమ, పెళ్ళి. సోడా కొట్టులో కూర్చుని ఇద్దరు పిల్లలు ఒకరికొకరు ఇష్టమని చెప్పకుండానే చెప్పుకునే సన్నివేశం ఎంతో ముద్దుగా ఉంటుంది. పెళ్ళికి ముందు ఇద్దరికీ భయం వేస్తుంది, పెళ్ళి వద్దంటారు, తర్వాత చేసుకుంటారు. అక్కడ ఎక్కువ చెప్పను.

మూడో అంకానికి వస్తాను. 1913 వేసవి. కొండమీద శ్మశానం. వేదికకు ఒక పక్క వరసలుగా కుర్చీలు, వాటిలో చనిపోయినవాళ్ళు కూర్చుని ఉంటారు, అవే సమాధులు. తెల్లచీరలు ఉండవు, పొగ ఉండదు. ఎదురుచూస్తున్నవాళ్ళలా నిదానంగా, కదలకుండా కూర్చుంటారు. వాన పడుతుంటుంది, వెనకాల బతికున్నవాళ్ళు గొడుగులు పట్టుకుని గుంపుగా నిలబడతారు. ఆ గొడుగుల కిందనుంచి ఎమిలీ వస్తుంది. ఇరవై ఆరేళ్ళు. రెండో కాన్పులో చనిపోయింది. నాటకం మొదలైంది ఒక పురుడుతో, గుర్తుంది కదా, ఊరి జనాభాలో ఇద్దరు పెరగడంతో.

శ్మశానం అనగానే మనకు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను గుర్తొస్తుంది. నాకూ వస్తుంది. జాషువా గారి పద్యాలు ఆ సీనులో వినీ వినీ ఎన్ని ఊళ్ళు కంటతడి పెట్టాయో. ఆ పద్యాల్లో మరణం ముందు రాజూ కవీ ఒకటే అయిపోతారు. ఇక్కడ వైల్డర్ చేసింది ఇంకో పని. చనిపోయినవాళ్ళ చేత ఏడిపించడు, వాళ్ళని చల్లగా ఉంచి, బతికున్న మనవైపు చూపిస్తాడు.

ఎమిలీ వెనక్కి వెళ్తానంటుంది. ఒక్క రోజు, మళ్ళీ బతికి వస్తానంటుంది. వెళ్ళొచ్చు, కానీ వద్దని అందరూ చెబుతారు. వినదు. సరే వెళ్తే మాత్రం, నీ జీవితంలో అన్నిటికన్నా తక్కువ ముఖ్యమైన రోజు ఎంచుకో, అదే నీకు చాలినంత అవుతుంది, అని అత్తగారు చెబుతుంది. ఎమిలీ ఎంచుకున్నది తన పన్నెండో పుట్టినరోజు, 1899 ఫిబ్రవరి 11.

ఈ చోట నేను ఏళ్ళ తరబడి ఆగిపోయాను. అత్తగారు తక్కువ ముఖ్యమైన రోజు అని చెబితే ఈ పిల్ల పుట్టినరోజెందుకు ఎంచుకుంది? మా వాళ్ళకు ఒక పరీక్ష పెట్టాను. ఒక్కొక్కరూ మీ జీవితంలో ఏ ప్రత్యేకతా లేని ఒక మామూలు రోజు, పొద్దుటి నుంచి రాత్రి దాకా చెప్పండి అన్నాను. ఒకతను ఎంసెట్ ఫలితాల రోజు చెప్పాడు. ఒకామె అక్క పెళ్ళి చెప్పింది. ఒకరు వరదలో రోడ్డు మునిగిన రోజు. కాదు, మామూలు రోజు అన్నాను. ఎవరికీ రాలేదు. అందరిలోకీ చిన్నది, ఎమిలీ వేషం వేసే అమ్మాయి అంది కదా, సర్, మా నానమ్మ సిద్దిపేట నుంచి కంటి ఆపరేషన్‌కి వచ్చి మా ఇంట్లో ఇరవై రోజులుంది, రోజూ నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది, నాకు పరీక్షల టెన్షన్, పక్కనుంచి లోపలికి పోయేదాన్ని, ఆ ఇరవైలో ఒక్క రోజు కూడా విడిగా గుర్తు లేదు, అన్నీ కలిసి ఒకటే రోజయిపోయాయి అంది. తర్వాత ఎవరం మాట్లాడలేదు చాలాసేపు.

నా సంగతీ చెబుతాను. మా నాన్న పోయి పదకొండేళ్ళు. ఆయన ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ గంట గంటా చెప్పగలను, ఏ మందు ఎప్పుడు ఎక్కించారో కూడా. అంతకుముందు ఆయన నలభై ఏళ్ళు ప్రతి పొద్దునా పేపరు చదువుతూ ఏదో ఒకటి అనేవారు, వంటింట్లోంచి అమ్మ దానికి జవాబు చెప్పేది. ఏమనేవారు? ఒక్క వాక్యం, ఒక్కటంటే ఒక్కటి, గుర్తు తెచ్చుకోలేకపోతున్నాను.

అప్పుడు నాకు అర్థమైంది. అత్తగారి సలహా పాటించడం ఎవరి వల్లా కాదు. తక్కువ ముఖ్యమైన రోజు మన దగ్గర ఉండనే ఉండదు, ఎమిలీ దగ్గరా లేదు, అందుకే పుట్టినరోజు పట్టుకుంది. మరి ఆ రోజు ఎక్కడుంది? 1901 మే 7. మొదటి అంకం. పాలు వచ్చి, పేపరు వచ్చి, చిక్కుడుకాయల ఈనెలు తీసిన రోజు. కథ ఎప్పుడు మొదలవుతుందని మనం అడిగిన రోజు. ఆ రోజును నాటకం దాచిపెట్టింది, మనకు చూపించింది కూడా, మనం కుర్చీల్లో కదులుతూ వాచీ చూసుకున్నాం. పుట్టినరోజు పొద్దున వాళ్ళమ్మ ఎమిలీని చూడకుండా పొయ్యి దగ్గర ఎలా తిరుగుతుందో, గంట కిందట మనం అచ్చం అలాగే ఉన్నాం. వాళ్ళమ్మ చెడ్డది కాదు, పిల్లకు నెమ్మదిగా నమిలి తినమని చెబుతుంది, కానుకలు చూపిస్తుంది, అవి ప్రేమ మాటలే. ఎమిలీ, అమ్మా ఒక్క నిమిషం నన్ను నిజంగా చూడు అంటుంది. తమ్ముడు వాలీ కూడా పోయాడమ్మా, ఇప్పుడు మాత్రం అందరం ఒకచోట ఉన్నాం అంటుంది. తల్లికి వినబడదు. ఇక భరించలేక వెనక్కి తీసుకుపొమ్మంటుంది. పోతూ పోతూ ఆ ఊరికి, గడియారాల చప్పుడుకు, అమ్మ పెంచిన పొద్దుతిరుగుడు పూలకు, కాఫీకి, ఇస్త్రీ చేసిన బట్టలకు, వేడినీళ్ళ స్నానానికి, నిద్రపోయి లేవడానికి సెలవు చెబుతుంది. ఆ జాబితాలో పెళ్ళి లేదు, గమనించండి.

1940లో దీన్ని సినిమాగా తీశారు. అందులో ఎమిలీ చనిపోదు, పురిటినొప్పుల్లో కలగని లేస్తుంది. ఈ మార్పుకు వైల్డర్ స్వయంగా ఒప్పుకున్నాడు. నాటకంలో ఆమె కొంత మనిషి, కొంత సంకేతం, సినిమాలో ప్రేక్షకుడికి మరీ దగ్గరగా, నిజం మనిషిలా కనబడుతుంది, చంపితే క్రూరంగా ఉంటుందని ఆయన ఉద్దేశం. నాకు మొదట్లో కోపం వచ్చింది, ఇప్పుడు ఆయన చెప్పింది సబబే అనిపిస్తోంది. కెమెరా వెళ్ళగానే పొయ్యీ గిన్నే కప్పూ అన్నీ వెనక్కి వచ్చేస్తాయి. దీనికి తిరగేసిన పని 2009లో న్యూయార్క్‌లో డేవిడ్ క్రోమర్ అనే దర్శకుడు చేశాడు. రెండు అంకాలూ ఏమీ లేకుండా నడిపి, ఎమిలీ వెనక్కి వెళ్ళినప్పుడు మాత్రం తెర తీసి నిజమైన వంటిల్లు చూపించాడు. నిజంగా పొయ్యి మీద వేగుతున్న మాంసం వాసన హాలంతా నిండేదట. నేను చూడలేదు, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. మనం చేస్తే ఆ క్షణంలో పోపు పెట్టాలి. ఆవాలు చిటపటలాడి కరివేపాకు వేయగానే వచ్చే వాసన. ఇవాళ పఠనమే కాబట్టి అది లేదు, పూర్తి ప్రదర్శన చేసిన రోజున తప్పక చేస్తాం.

చివరగా ఒక సందేహం, మా వాళ్ళలోనే కొందరు అడిగింది. మనలో చాలామంది కాలుస్తాం కదా, సమాధుల వరస మనకు ఎలా నప్పుతుంది అని. నారాయణగూడలో క్రైస్తవుల శ్మశానం పక్కనుంచి రోజూ బస్సులో వెళ్ళే ఊరు మనది, పూడ్చిపెట్టుకునేవాళ్ళు మన హిందువుల్లోనూ ఎంతోమంది ఉన్నారు, కాబట్టి అది అంత పరాయిది కాదు. ఇంకో మాట కూడా చెప్పాను వాళ్ళకు. మన తెలంగాణలో పెత్రమాస ఉంది. ఆ రోజు పొద్దున పోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తాం, వాళ్ళు తినే కూరలు గుర్తుపెట్టుకుని వండుతాం, అయ్యకు వంకాయ ఇష్టం, అవ్వకు గారెలు ఇష్టం అని. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. అదే ఇల్లు, అదే వాకిలి, పొద్దున చనిపోయినవాళ్ళు, సాయంత్రం పూలు. చనిపోయినవాళ్ళను ఒక వరసలో కూర్చోబెట్టి వాళ్ళతో మాట్లాడటం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

సరే, నేను తప్పుకుంటాను. మా వాళ్ళు గొంతు పెంచరు, అందుకని ఫ్యాన్లు కాసేపు ఆపుతాం, ఉక్కపోస్తుంది, ఓర్చుకోండి. ఫోన్లు ఆపేయండి. హాల్లో లైట్లు మాత్రం ఆర్పడం లేదు, మీరు ఒకరికొకరు కనబడుతూనే ఉంటారు. ఇంకో విషయం, ఆలస్యంగా వచ్చి వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కింద జంపఖానా వేసి ఉంది. వేదిక మీద కుర్చీల ముందు వరసలో, అత్తగారి పక్కన, ఒక కుర్చీ ఖాళీగా ఉంది చూశారు కదా, అందులో మాత్రం ఎవరూ కూర్చోవద్దు. అది ఎమిలీది.